కడిగి ఇచ్చిన కుండ

గంజి మీద అయోడిన్ చుక్క వేస్తే నీలమవుతుంది. బడిపిల్లలందరికీ తెలిసిన సంగతే. మా ల్యాబులో గాజు పళ్ళెంలో గంజిని గడ్డ కట్టించి, దాని మీద బ్యాక్టీరియాను పెంచి, రెండు రోజులయ్యాక అయోడిన్ పోస్తాం. పళ్ళెమంతా నల్లటి నీలంగా మారుతుంది. మా బ్యాక్టీరియా ఉన్నచోట మాత్రం చుట్టూ తెల్లగా ఒక వలయం మిగులుతుంది. అక్కడి గంజిని అది తినేసిందన్నమాట. నా ప్రొఫెసర్ పదవి, నా పేరు మీద వచ్చిన పేపర్లు, గోడకు వేలాడే పీహెచ్‌డీ పిల్లల ఫొటోలు, అన్నీ ఆ తెల్ల వలయంలోంచి వచ్చినవే.

ఆ రోజు పళ్ళెం మొత్తం నీలంగానే ఉంది.

"ఏంది మేడం, గిట్లయింది?" అంది నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. రోజూ ఏన్కూరు నుంచి ఖమ్మానికి బస్సులో వస్తుంది. ఆరేళ్ళుగా ఆ బ్యాక్టీరియా మీదే పని. థీసిస్‌లో చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

"మళ్ళ చెయ్" అన్నాను. మళ్ళీ చేసింది. మూడోసారి నేనే చేశాను. నీలమే.

నా కోపం మా డిపార్ట్‌మెంట్‌లో పేరుమోసింది. చేతి తొడుగులు తీయకుండా ఫోనెత్తినవాళ్ళను నడవా అంతా వినపడేలా తిట్టిన దాన్ని. వెనకాల నన్ను కుక్కర్ అంటారని కూడా తెలుసు, విజిలేస్తుందని. అలాంటిదాన్ని, మూడు పళ్ళేలనూ బల్ల మీద వరసగా పెట్టి చూసి, "సరే, చాయ్ తాగొద్దాం పా" అన్నాను. ఆమె బెదిరిపోయింది. తిడితే బాగుండునని ఆమె మొహం మీదే కనిపించింది. కానీ తిట్టడానికి నాలో ఏమీ లేదు. రెండేళ్ళుగా ఇంతే. పెద్ద కారణమంటూ ఏం లేదు. ఎవరూ పోలేదు, ఏ రోగమూ లేదు. ఉప్పు ఎక్కువైనా తెలియదు, తక్కువైనా తెలియదు, అంతే. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందని ఎవరైనా అంటే, ఎవరిదో సంగతి విన్నట్టు తలూపేదాన్ని.

టీ తాగుతూ ఆమె ఒకటే అడిగింది. "ఇప్పుడు నా థీసిస్ ఏమైతది మేడం?"

"చూద్దాం" అన్నాను.

ఆ బ్యాక్టీరియా మాకు ఎక్కడ దొరికిందో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేయాలని మా తరం వాళ్ళందరికీ ఒక పిచ్చి. దానికి లాక్టిక్ ఆమ్లం కావాలి, అంటే పెరుగును పులిపించేదే. దాన్ని నూకల నుంచో పుచ్చిన మొక్కజొన్నల నుంచో తీయాలంటే ముందు గంజిని చక్కెరగా విరగ్గొట్టాలి. ఆ విరగ్గొట్టే మందు ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది. ఆ మందు అక్కర్లేకుండా గంజిని నేరుగా తిని ఆమ్లం చేసే సూక్ష్మజీవి కోసం నేను కనిపించిన మురుగుకాలవలన్నీ గాలించాను. ములకలపల్లి వైపు అడవి అంచు పల్లెల్లో ఒక రోజంతా అలాగే మట్టిని సీసాల్లో నింపుకుంటూ తిరిగి, ఎండకు తల తిరిగి, ఒక ఇంటి పంచలో కూలబడ్డాను.

ఆ ఇంటి అవ్వ నన్ను చూసి, "ఎవలమ్మ నువ్వు, మట్టి దొంగతనం జేస్తున్నవ్?" అని నవ్వి, సొరకాయ బుర్రతో అంబలి ఇచ్చింది.

అంబలి నాకు కొత్త కాదు. ముదిగొండలో మా అమ్మ కాచేది. కానీ మా ఇంట్లో రాత్రి పెట్టిన జొన్న అంబలి పొద్దున్నకు పులిసినా చిక్కగానే ఉండేది, గరిటెకు పట్టుకునేది. ఇది నీళ్ళలా జారిపోయింది. నీళ్ళు కలిపావా అవ్వా అంటే, కలపలేదంది. పిండి తక్కువ వేశావా అంటే చేత్తో కొలత చూపించింది. మా అమ్మ వేసినంతే వేసింది. మరి ఆ చిక్కదనమంతా ఒక్క రాత్రిలో ఏమైపోయింది? ఆ సొరబుర్ర చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని అవ్వ నా తల మీద నీళ్ళు చల్లింది.

ఆ కుండను చూపించమన్నాను. పొయ్యి వెనక మూలన ఉంది, లోపలంతా నల్లగా, చెయ్యి పెట్టి చూస్తే జిగటగా. దాన్ని సబ్బుతో కాదు గదా బూడిదతో కూడా తోమరు. అడుగున ఇంత పులుపు వదిలేసి దాని మీదే మళ్ళీ పోస్తారు. అవ్వ అత్తగారి కాలం నుంచీ ఆ పులుపే. ఆ ఇంటిపేరు వాళ్ళలో ఎవరైనా వేరే కాపురం పెడితే, పొయ్యి అంటించే రోజున పెద్ద కుండలోంచి ఒక బుర్రెడు పులుపు తీసి కొత్త కోడలి కుండలో పోస్తారు. పరాయి ఇంటిపేరు వాళ్ళ కుండలోంచి మాత్రం ఎంత అవసరమైనా పోసుకోరు.

నేను సిగ్గు విడిచి, కొంచెం నాకూ ఇవ్వమన్నాను. అవ్వ ఒక నిమిషం ఆలోచించింది. "మా పొయ్యి కాడ తాగినవ్ గద, ఇంక మా ఇంటిదానివే" అని నా మంచినీళ్ళ సీసాలో పోసింది. సీసా చేతిలో పెడుతూ, "నా కుండ పగిలితే నువ్వియ్యాలె మరి" అంది. నవ్వాను. సరేనన్నాను. అడవిలో ముసలమ్మకు నేను పులుపు ఇవ్వడమేమిటని నవ్వాను.

ఆ సీసాలో దొరికింది మా బ్యాక్టీరియా. తెల్ల వలయం చిటికెనవేలంత వెడల్పు వచ్చిన రోజు నేను ల్యాబులో గెంతులేశాను. అప్పట్లో గెంతేదాన్ని.

మూడేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి కుండే కావాలి. మట్టి గోడ లోపల అది ఎలా అతుక్కుని బతుకుతుందో చూడాలి. "ఎనిమిది రోజుల్లో తెచ్చిస్తా అవ్వా" అన్నాను. ఆమె కోడలు గొణిగింది. అవ్వ ఆమెను కసిరి, కుండను గోనెసంచిలో చుట్టి ఇచ్చింది. "ఎనిమిది దినాలు బువ్వ తింటం తియ్, ఏం సస్తమా?" అంది.

మాట తప్పలేదు. ఎనిమిదో రోజునే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చేముందు మా ల్యాబు నియమం ప్రకారం చేయాల్సింది చేశాను. బయటి వస్తువు ఏదైనా తిరిగి పంపేటప్పుడు శుభ్రం చేసి పంపాలి. ఆ నియమం రాసి గోడకు అంటించింది నేనే. కుండను ఆటోక్లేవ్‌లో పెట్టాను. అది ఆవిరితో నడిచే పెద్ద కుక్కర్, అందులోంచి బయటికొచ్చిన దాని మీద ప్రాణమున్నది ఏదీ మిగలదు. లోపలి నలుపంతా బ్రష్షుతో రుద్దించాను. కుండ కొత్తదానిలా అయింది. ఒక చీర కూడా కొని, ఆ చీరలో కుండను చుట్టి, గర్వంగా అవ్వ చేతుల్లో పెట్టాను. ఆమె మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. నన్ను చూసింది. "మంచిగ కడిగినవ్ బిడ్డా" అంది. మెచ్చుకుందనుకున్నాను.

ఇరవై ఏళ్ళు సూక్ష్మజీవుల పాఠం చెప్పిన మనిషిని. ఆ ఎనిమిదో రోజు సంగతి నాకు తట్టలేదు. తర్వాత కూడా తట్టలేదు. ఆ ఇంటికి మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఏదో సదస్సులో చూపించడానికి ఫొటోలకే. పొయ్యి, బుర్ర, అవ్వ నవ్వు. అంబలి అడగనే లేదు. ఎండాకాలం కాదు మరి.

ల్యాబులో మా తప్పు వేరే. జొన్నపిండి మీద పెంచితే ఆ బ్యాక్టీరియా రెండు రోజులు తీసుకుంటుంది. గ్లూకోజ్ పోస్తే ఒక్క పూటలో సీసా నిండిపోతుంది. ఎవరికి ఆగే ఓపికుంది? ప్రాజెక్టు రిపోర్టులు, గడువులు. ఏళ్ళ తరబడి గ్లూకోజే పోశాం. మొదట్లో దాచిన చిన్న సీసాలు ఒక వరస సెలవుల్లో డీప్ ఫ్రీజర్ చెడిపోయి కరిగిపోయాయి. మిగిలినవి చాల్లే అనుకున్నాను. ఆ మిగిలినవాటికి చక్కెర తప్ప మరో తిండి తెలియదు. గంజిని విరగ్గొట్టే విద్యను ఒక్కో తరం కాస్త కాస్తగా వదిలేసుకుంటూ వచ్చాయి. మా కూజాల్లో పుష్కలంగా పెరుగుతున్నాయి, పుల్లగానే ఉన్నాయి, కానీ పళ్ళెం మీద నీలం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు రికార్డు పుస్తకాలన్నీ తిరగేశాం. తెల్ల వలయం మూడేళ్ళుగా చిక్కిపోతూనే ఉంది. కొలతలన్నీ ఉన్నాయి, కింద నా సంతకమూ ఉంది. నేనే చూడలేదు.

"అవ్వ కుండ ఉన్నది గద మేడం" అంది మా ఏన్కూరు అమ్మాయి.

ఉంది గదా అనుకున్నాను నేను కూడా. వెళ్ళాలి అనుకుంటూనే రెండు వారాలు వెళ్ళలేదు. వెళ్ళాలన్న ఆత్రం ఎక్కడి నుంచైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇంతలో ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ ఫోన్ చేసింది. ఫొటోలకు వెళ్ళినప్పుడు నా నంబరు తీసుకున్న మనిషి.

"మేడం, అవ్వ మిమ్మల్ని రమ్మంటుంది. మనుమడు పెండ్లి చేసుకొని వేరే పొయ్యి పెడుతుండు. మీరు రాంది పొయ్యి అంటియ్యొద్దంటుంది."

కాలం కలిసొచ్చిందనుకున్నాను. పొయ్యి పెట్టే రోజంటే పెద్ద కుండలోంచి పులుపు తీసే రోజు. పనిలో పనిగా నాలుగు సీసాల నిండా తెచ్చుకోవచ్చు. ఐసు డబ్బా సర్దించి, ఖాళీ సీసాలు పెట్టించి బయలుదేరాను. ఏన్కూరు దాటి, కొత్తగూడెం దాటి, రోడ్డుకు రెండు వైపులా జామాయిల్, పామాయిల్ తోటలు. అవి రెండూ లేని చోట అడవి. ఒకప్పుడు ఈ దారిలో ప్రతి మలుపూ నాకు ఇష్టమే. ఈసారి డ్రైవర్ ములకలపల్లి వచ్చింది మేడం అని లేపాడు.

కారు దిగేముందు అలవాటుగా చేతులకు స్పిరిటు రాసుకున్నాను. మోచేతుల దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద. నమూనా తీసేటప్పుడు నా ఒంటి క్రిములు అందులో కలవకూడదు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది.

ఇంటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. కొత్త తడికల గది, కొత్త పొయ్యి, దాని పక్కన కొత్త కుండ. కుండలో జొన్నపిండి కలిపిన నీళ్ళు అప్పటికే పోసి ఉన్నాయి. కొత్త కోడలు పసుపు చీరలో తల వంచుకుని కూర్చుంది. అవ్వ బాగా వంగిపోయింది. నన్ను, నా చేతిలో డబ్బాను చూసి లేచి, వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. అందరూ నవ్వుతూ దారి ఇచ్చారు.

"తెచ్చినవా బిడ్డా! నాకెర్కే నువ్వు తెస్తవని. వీళ్ళే నమ్మలే."

డబ్బాను నా చేతిలోంచి తీసుకుని కోడలి ముందు పెట్టి మూత తీసింది. ఐసు ప్యాకెట్లు పక్కకు నెట్టి ఒక సీసా తీసి వెలుతురుకు పట్టి చూసింది. రెండోది తీసింది. నాలుగూ తీసి చూసింది.

"గిండ్ల ఏం లేదేందమ్మా?"

నాకు అర్థమైంది. అయినా పైకి మామూలుగానే అన్నాను. "తీస్కపోదామని వచ్చిన అవ్వా. నీ కుండల నుంచి."

"నా కుండల ఏడుంది? నువ్వు కడిగిస్తివి గద."

అవ్వ నా పక్కన కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు తెచ్చిచ్చిననాడే వాసన జూసిన. ఏం లేదు. కాల్చి తీసిన కొత్త కుండ లెక్కుంది. పిండినీళ్ళు పోసి పెట్టిన. పులిసింది గని నీళ్ళ లెక్క పారలే. నెల దినాలు జూసిన. ఇగ రేషన్ బియ్యం రాబట్టె, మా ఇంటిపేరోళ్ళందరం అంబలి బందుబెట్టినం."

"నాకు చెప్పొద్దా అవ్వా మరి?"

"ఎట్ల చెప్పాలె? గంత సంబరంగ తెచ్చిస్తివి, సీర సుట్టి మరీ. గా మొఖం మీద ఎట్ల చెప్పాలె? అయినా నీ తాన ఉండె గద! సీసల పోసిచ్చిన గద. మా దాంట్ల ఇచ్చుడంటే దాచిపెట్టుడే. ఇంటికన్న గుడి పదిలమని, నీ తాన ఐసుపెట్టెలల్ల పదిలంగుంటదనుకున్న. పొయ్యి పెట్టేనాడు అడుగుదమనుకున్న."

పదిహేనేళ్ళు ఆమె అలా నిశ్చింతగా ఉంది. నాకు తెలియని నియమం ప్రకారం ఆ భారం నా మీద వేసి, నన్ను నమ్మి ఉంది. ఈ పెళ్ళి మాటలప్పుడు కూడా, పులుపు ఏదని అడిగినవాళ్ళకు మా మేడం తాన ఉందని చెప్పిందట.

జేబులో ఫోను అదిరింది. ల్యాబు నుంచి మా ఏన్కూరు అమ్మాయి పంపిన మెసేజ్. "దొరికిందా మేడం?" ఫోను జేబులో పెట్టేశాను.

"నా తాన కూడ పోయింది అవ్వా" అన్నాను.

"పోయుడేంది? ఏం బెట్టిండ్రు దానికి?"

"చక్కెర."

అవ్వ నోరు తెరిచింది. "అయ్యో, పిచ్చిదానా! చక్కెర పెడితే ఇంక అది కష్టమెందుకు జేస్తది?" అంది. పక్కనున్న ఇద్దరు ముసలమ్మలకు వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళూ అయ్యో అన్నారు. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. రెండేళ్ళుగా ఏమీ అనిపించని నాకు అప్పుడు సిగ్గేసింది.

ఆమె కోడలు, ఆనాడు గొణిగిన మనిషే, ఇంకా అంటించని పొయ్యి వైపు చూసి "వట్టిగనే అంటిద్దం తియ్యి అత్తా" అంది. కొత్త పెళ్ళికూతురు తల ఎత్తలేదు.

అవ్వ ఒప్పుకోలేదు. కాసేపు నేల గీకుతూ కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, తిప్పి, అరచేతిని చూసింది.

"నువ్వు గప్పుడు మా కుండల చెయ్యిబెట్టి చూసినవ్, యాదికుందా? గా పొద్దు నుంచి దాన్ని పట్టుకునే ఉన్నవ్. పద్దెనిమిదేండ్లు. నీ గోర్లల్లనన్న, సందులల్లనన్న ఇంత మిగిలుంటది బిడ్డా. పిండి పిసికే చేతులల్ల పోతదా ఏంది పులుపు? రా, ఈ కుండల ముంచు."

కొత్త కోడలు అప్పుడు తలెత్తింది. మనవడు కుండను నా దగ్గరికి జరిపాడు. అందరూ దగ్గరికి వచ్చారు.

నా వేళ్ళ మీద ఇంకా స్పిరిటు వాసన వస్తూనే ఉంది. చెప్పాలనే నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్ళు, అవ్వ కళ్ళు, గంత ఆశతో ఉన్న ఆ మొహాల మీద ఎట్లా చెప్పాలి? చెప్పలేదు. చల్లటి జొన్ననీళ్ళలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి, అవ్వ చాలు అనేదాకా అలాగే కూర్చున్నాను. చాలాసేపటిదాకా ఆమె చాలు అనలేదు.